చేసి చూద్దాం: చోడిపిండి ఎందుకు పొంగదు?



ఇటలీ దేశంలో నేపుల్సు అనే నగరం ఉన్నది. పిజ్జాకు పేరుపడిన ఊరది. అక్కడివాళ్లు పిజ్జా చేసే నేర్పును 2017లో యునెస్కో సంస్థ మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. ఇంత పేరుగల రొట్టెకు ముద్ద కలపటానికి ఏమేం కావాలో తెలుసా? పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టు. ఈ నాలుగే!

పిండి అంటే ఏ పిండి? నేపుల్సులో అయితే గోధుమ పిండే. కాని మన మందస, పలాస, టెక్కలి వైపు ఇళ్లలో చోడిపిండి కూడా ఉంటుంది. చోళ్లంటే రాగులే. అంబలికి పనికివచ్చే ఈ పిండి పిజ్జాకు పనికిరాదా? ఒకరిని అడగటం దేనికి? మనమే చేసి చూద్దాం.

ఒకే కొలత గల గాజు గ్లాసులు మూడు తీసుకోండి. మైదా, గోధుమ పిండి, చోడిపిండి నూరేసి గ్రాములు వేరువేరు గిన్నెల్లో పొయ్యండి. ఒక్కొక్కదానిలో పావు చెంచా పొడి ఈస్టు, అర చెంచా పంచదార, చిటికెడు ఉప్పు కలపండి. గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ ముద్దకంటె కాస్త మెత్తగా కలిపి, ఎనిమిది నిమిషాలు బాగా పిసకండి. నీళ్లు మరీ వేడిగా ఉండకూడదు. ఈస్టు బతికి ఉన్న జీవి, చచ్చిపోతుంది. ముద్దలను గ్లాసుల్లో పెట్టి, ఎంతవరకు వచ్చాయో అక్కడ దారం కట్టండి. పైన తడిగుడ్డ కప్పి గంటన్నర ఆగండి.

ఇప్పుడు చూడండి. మైదా ముద్ద ఇంచుమించు రెండింతలై ఉంటుంది. గోధుమ ముద్ద కూడా పొంగుతుంది గాని అంతగా కాదు. చోడిముద్ద మాత్రం పైన నెర్రెలు విచ్చి, దారం దగ్గరే కూచుంటుంది.

చోడిముద్దలో ఈస్టు పని చెయ్యలేదా? చేసింది. ఈస్టు చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును విడుస్తుంది. మూడు గ్లాసుల్లోనూ అది పుట్టింది. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఆ వాయువును పట్టి ఉంచటంలో. బుడగ ఊదాలంటే ఊదేవాడొక్కడు ఉంటే చాలదు. సాగే రబ్బరు తిత్తి కూడా ఉండాలి గదా!

ఆ తిత్తిని కళ్లారా చూడవచ్చు. ఈస్టు వెయ్యకుండా నిమ్మకాయంత గోధుమ ముద్ద కలిపి, అరగంట నాననిచ్చి, నీళ్లగిన్నెలో మెల్లగా పిసుకుతూ కడగండి. తెల్లని గంజిపదార్థం నీళ్లలోకి పోతుంది. చివరకు చేతిలో రబ్బరులాగా సాగే జిగురు మిగులుతుంది. దీనినే గ్లూటెన్ అంటారు. ఇటలీ శాస్త్రవేత్త బెక్కారి ఇట్లాగే పిండిని కడిగి దీనిని వేరుచేసిన సంగతి 1745లో ప్రకటించాడు. మైదాలోనూ ఇదే జిగురు ఉంటుంది. గోధుమ పిండిలో పొట్టు తునకలు ఈ జిగురు పొరలను తెంపుతాయి. అందుకే రెండో గ్లాసు వెనకబడింది. చోడిముద్దను కూడా కడిగి చూడండి. ఏమీ మిగలదు, అంతా నీళ్లపాలే.

ఇది తెలుసుకుని ఏం లాభమంటారా? కొందరు పిల్లలకు ఈ గోధుమ జిగురు పడదు. తింటే పేగుల లోపలి పొర దెబ్బతింటుంది. కడుపునొప్పి, నీరసం రావచ్చు, సరిగా ఎదగరు. ఈ జబ్బు పేరు సీలియాక్. గోధుమ మానిపిస్తే ఇటువంటి పిల్లలు తేరుకుంటారని హాలండు వైద్యుడు విల్లెం డికె 1950లో తన సిద్ధాంత వ్యాసంలో చూపాడు. పుట్టినరోజు పండుగలో అందరూ పిజ్జా తింటుంటే అటువంటి పిల్ల వట్టి చేతులతో కూచోవాలా?

అక్కరలేదు. గోధుమ జిగురు లేకపోతే మరో తిత్తిని వెతుకుదాం. అది మన వంటింట్లోనే ఉన్నది: మినప్పప్పు! ఇడ్లీ పిండి గోధుమ లేకుండానే పొంగుతున్నది గదా? మినప్పప్పులోని బంక, మాంసకృత్తులు కలిసి వాయువును పట్టి ఉంచుతాయి. వాయువును పుట్టించటానికి ఈస్టు కొననక్కరలేదు; పప్పును అంటిపెట్టుకుని ఉండే సూక్ష్మజీవులే ఆ పని చేస్తాయి.

ఒక కప్పు మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, మెత్తగా రుబ్బి, రెండు కప్పుల చోడిపిండి, తగినన్ని నీళ్లు చేర్చి ఇడ్లీ పిండిలాగా కలపండి. రాత్రంతా మూతపెట్టి ఉంచండి. తెల్లవారి చూస్తే పిండి పొంగి, లోపలంతా బుడగలుంటాయి. ఉప్పు కలిపి, నూనె రాసిన మూకుడులో అంగుళం కంటె తక్కువ మందాన పోసి, మూతపెట్టి సన్నసెగన కాల్చాలి. పైభాగం ఆరినాక ఉల్లి, టమాటా ముక్కలు, పలాస జీడిపప్పు పలుకులు, ఇష్టమైతే చీజు చల్లి మరి కాసేపు మగ్గనివ్వాలి. ఇది నేపుల్సు పిజ్జాలాగా సాగదు. మన దిబ్బరొట్టెకు చెల్లెలిలాగా ఉంటుంది. పొయ్యి దగ్గర పెద్దవాళ్లు తోడుండాలి సుమా!

తల్లిదండ్రులకు ఒక మాట. బిడ్డకు గోధుమ పడటం లేదని అనుమానం వస్తే, ముందు వైద్యునిచేత పరీక్ష చేయించండి. అంతకుముందే గోధుమ మానిపిస్తే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు. జబ్బు ఉన్నదని తేలిన ఇంట్లో మన మూడు గ్లాసుల ప్రయోగం వద్దు. గోధుమలు ఆడించిన పిండిమరలోనే చోళ్లు ఆడిస్తే, మరలో మిగిలిన గోధుమ పిండి అందులో కలుస్తుంది. అటువంటి బిడ్డకు ఆ కాస్తా కీడే. చోళ్లను శుభ్రంగా ఏరి కడిగి, ఆరబెట్టి, వేరే గిన్నెలతో ఇంట్లోనే పిండి చేసుకోవటం మంచిది.

ఇక మీకొక ప్రశ్న. బియ్యప్పిండిలో ఈస్టు కలిపి నాలుగో గ్లాసులో పెడితే పొంగుతుందా? దానిలో ఒక వంతు మినప్పిండి చేరిస్తే? మీరనుకున్నది ముందు పుస్తకంలో రాసి, ఆ తరువాతనే గ్లాసు వంక చూడండి.