కంఠస్థం చాలదు
వేసవి సెలవుల్లో భట్టిప్రోలు, రేపల్లె వైపు చర్చిల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్) పాటలు మారుమోగుతాయి. బైబిల్ వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లలకు బహుమతులు. మంచిదే. కానీ సామెతల గ్రంథంలోని 31 అధ్యాయాలు పోటీల కోసం పుట్టలేదు. చాలా చోట్ల అవి తండ్రి కొడుక్కి చెప్పిన బతుకు మాటలు. తూకంలో మోసం పాపమని అందులో నేర్చుకున్న పిల్లాడు, ధాన్యం కాటా దగ్గర నాన్న ఏం చేస్తాడో కూడా చూస్తాడు. అసలు పాఠం అక్కడే. ఇక పిల్లల ప్రశ్నల సంగతి. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ సువార్తతో పాటు బడులూ పెట్టారు. చదువొస్తే ప్రశ్నలూ వస్తాయి. యోబు లాంటి నీతిమంతుడికి అన్ని కష్టాలెందుకని కుర్రాళ్లు అడిగితే గద్దించకండి, యోబు గ్రంథం నిండా ప్రశ్నలేగా! సండే స్కూల్లో వాటికీ కాస్త సమయం ఇవ్వండి.