బంగారం 'దొరుకుతుందా'?

మా పక్కింటి వదినగారి తమ్ముడు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ వజ్రాల వేటకి వెళ్ళాడు. తొలకరి జల్లు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చేలల్లో జనం తలలు వంచుకుని నేల వెతుకుతారు చూడండి, అక్కడికి.

"ఒక్క రాయి కంటబడితే చాలు వదినా, పిల్ల పెళ్ళి గట్టెక్కేస్తుంది" అందావిడ. నేను పెదవి విరిచేసరికి, మెడలోని మూడు కాసుల గొలుసు ఎత్తి చూపించింది. "ఇది మాత్రం? భూమిలోంచి ఎవరికో దొరికిందేగా!"

ఆ 'దొరికింది' అన్నమాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది. వదినగారి తప్పు కాదులెండి. సినిమాలు అలా నేర్పాయి. మా నవలలు మాత్రం తక్కువ తిన్నాయా? నేనే ఓ సీరియల్లో కథానాయకుడికి పెరట్లో లంకెబిందెలు దొరికించి, ఆఖరివారం గండం గట్టెక్కాను. ఇప్పుడు చెంపలేసుకుంటున్నాను.

మన చిత్తూరు జిల్లా సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులు. తమిళులూ, మనవాళ్ళూ తరాల తరబడి చాకిరీ చేసిన చోటు. 1871లో లవెల్లీ అనే మాజీ సైనికుడు, న్యూజిలాండులో యుద్ధం చేసి వచ్చినవాడు, అంతకు చాలా ఏళ్ళ ముందు వారెన్ అనే సైనికాధికారి రాసిన వ్యాసం చదివి, బెంగుళూరు నుంచి ఎడ్లబండి కట్టించుకుని ఆ ఊళ్ళ వెంట తిరిగాడు. నిజానికి వారెన్ కనిపెట్టిందేమిటి? 1802లో బహుమతి ఇస్తానంటే, పల్లెవాళ్ళు మట్టి తెచ్చి ఆయన కళ్ళెదుటే కడిగి, రేణువులు చూపించారు. వాళ్ళకి ముందే తెలుసన్నమాట! వాళ్ళ పేర్లు మాత్రం ఎవరూ రాసుకోలేదు. లవెల్లీ అనుమతి సంపాదించాడు గానీ, తవ్వేటంత డబ్బు లేక ఆ హక్కు ఇతరుల చేతిలో పెట్టాడు. అయినా బెంగుళూరులో ఆయన పేర ఓ ఖరీదైన వీధి ఉంది. వెతికినవాడికి వీధి. మరి తవ్వినవాడికి?

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చాకగానీ అసలు పని మొదలవలేదు. ఆ పనేమిటో వినండి. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకి దిగింది. అంత లోతున రాయి వేడి యాభై డిగ్రీలు దాటుతుంది. పైనుంచి చల్లగాలి పంపిస్తేగానీ మనిషి నిలవలేడు. ఆ ఉక్కలో రాయికి బెజ్జాలు వేయాలి, మందు కూరి పేల్చాలి, ముక్కలు పైకి చేర్చాలి, పిండి కొట్టాలి, సైనైడు నీళ్ళలో కరిగించి బంగారాన్ని విడదీయాలి. అన్నిటికంటే దడ పుట్టించేది, ఎవరూ పేల్చకుండానే రాయి పేలడం. పైనున్న కొండంత బరువుకి లోపలి బండ తట్టుకోలేక ఒక్కసారిగా బద్దలవుతుంది. పైన ఇంట్లో గిన్నెలు కదిలితే చాలు, ఆడవాళ్ళకి గుండె జారిపోయేది, ఏ షిఫ్టులో ఎవరున్నారోనని. బతికి బయటపడ్డవాడిని కూడా రాతిధూళి ఊరికే వదలదు. సిలికోసిస్ అంటారు, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే జబ్బు.

ఇంతా చేస్తే వచ్చేదెంత? గని ఆఖరిరోజుల్లో టన్ను రాయికి మూడు గ్రాములు. కాసుకి ఎనిమిది గ్రాములు కదా, మా వదినగారి గొలుసు ఇరవై నాలుగు. అంటే ఎనిమిది టన్నుల రాయి! ఓ లారీడు రాయి ఆవిడ మెడలో వేలాడుతోందన్నమాట. లెక్క చెబితే ఆవిడ గొలుసుని పమిట లోపలికి దోపుకుంది, బరువనిపించిందో, దిష్టి తగులుతుందనుకుందో.

"అయితే మేం నగలు పెట్టుకోకూడదా?" అని మీరు నామీదికి రావద్దు. నా చేతికీ రెండు గాజులున్నాయి. పెట్టుకోండి, నిక్షేపంలా. కానీ కొట్లో కూర్చుని తరుగు దగ్గరా, మజూరీ దగ్గరా గంటసేపు గీచిగీచి బేరమాడే మనం, ఆ రాయి మోసినవాడి కూలి ఆ ధరలో ఎంతని ఒక్కసారైనా అడిగామా? అతగాడు మనకి లెక్కలోనే లేడు. మనకి కావలసిందల్లా అదృష్టం కథ.

కోలారు గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. బెంగుళూరు వీధుల్లో 1905లో కరెంటు దీపాలు వెలగకముందే, 1902లో శివసముద్రం నుంచి కరెంటు తెప్పించుకున్న వైభవం దానిది! గని పోయాక ఆ ఇళ్ళ పిల్లలు రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకి పనికి పోతున్నారు. ఊళ్ళో మిగిలింది సైనైడు మట్టిదిబ్బలు. గాలి వీస్తే ఆ ధూళి ఆరేసిన బట్టలమీదే పడుతుంది. ఆ దిబ్బల మీదికి ఏ నవలా నాయకుడూ పోడు.

వదినగారి తమ్ముడు మొన్న తిరిగొచ్చాడు. మొహం నల్లగా కమిలిపోయింది. సంచీ నిండా గులకరాళ్ళు. విత్తనం వేసిన చేను తొక్కుతున్నావని ఆ రైతు కర్ర తీసుకుని తరిమాడట. "రైతుకేం పోయింది వదినా, నాలుగు అడుగులేగా" అంది ఆవిడ. ఆ నాలుగు అడుగుల్లో మొలకెత్తేదేదో దొరికేది కాదు, పండించేది అని చెప్పబోయి ఊరుకున్నాను.

వచ్చే ఆదివారం మళ్ళీ వెళతాడట. క్యారియరు ఆవిడే కడుతోంది.