సంచి మీది బొమ్మ కాదు, లోపలి ద్రవ్యం చూడండి

మిరియాలలో బొప్పాయి గింజలు కలిపితే నీటిలో వేసి కనిపెట్టవచ్చు. శొంఠిని విరిచి చూడవచ్చు. పసుపు కొమ్ములు తెచ్చుకుని ఇంట్లోనే దంచుకోవచ్చు. ద్రవ్యం మంచిదైతేనే ఔషధం ఫలిస్తుందని ఎరిగిన కుటుంబాలలో ఈ జాగ్రత్తలన్నీ ఉంటాయి. అదే ఇంట్లో పెరిగే కుక్కకు ఆహారం కొనేటప్పుడు మాత్రం సంచి మీది బొమ్మను చూసి డబ్బు చెల్లించి వచ్చేస్తాము. ఈ పొరపాటు నేనూ చేశాను.

మా నివాసం సికింద్రాబాద్‌లోని మారేడుపల్లి. మాది శాకాహార కుటుంబం. ఒక దుకాణంలో పెద్ద సంచి విప్పి, కిలోల లెక్కన తూచి ఇచ్చే గుళికలు చౌకగా వస్తున్నాయని మా కుక్కకు కొన్ని నెలలు అవే తెచ్చాను. అది ఒళ్ళు గోక్కోవడం, రోమం రాలడం మొదలైంది. “దీని తిండిలో ఏమేమి ఉన్నాయి?” అని పశువైద్యులు అడిగారు. విడిగా తూచి కొన్న సరుకుకు చీటీ ఎక్కడిది? వ్యాధికి ఆ తిండే కారణమని నేను చెప్పలేను. కాని ఆ ప్రశ్నకు సమాధానం లేకపోవడం నన్ను సిగ్గుపరచింది.

పిండిచేసి, ఉడికించి, గుళికగా ఒత్తిన పదార్థాన్ని కంటితో పరీక్షించలేము. మనకున్న ఆధారం సంచి వెనుక ముద్రించిన పదార్థాల జాబితా ఒక్కటే. అందులో సాధారణంగా ఎక్కువ తూకం గలది ముందు, తక్కువది వెనుక ఉంటుంది. ఇక్కడ రెండు మెలికలున్నాయి. పచ్చి కోడిమాంసంలో మూడింట రెండు వంతులకు పైగా నీరే. ఆ నీటి బరువుతోనే అది జాబితాలో మొదటి స్థానానికి ఎక్కవచ్చు. రెండవది, బియ్యం, నూకలు, తవుడు అని ఒకే ధాన్యాన్ని మూడు పేర్లుగా విడదీస్తే ఒక్కొక్కటి కిందికి దిగుతుంది. మూడింటినీ కలిపి చూస్తే అసలు ప్రధాన ద్రవ్యం అదే కావచ్చు. ధాన్యం ఉండడం దోషమని నా అభిప్రాయం కాదు. ఉడికిన ధాన్యం కుక్కకు జీర్ణమవుతుంది. ఉన్నది ఉన్నట్లు చెప్పమనే నా కోరిక. “కోడి కాలేయం” అని పేరు పెట్టి చెప్పిన సంచి, “మాంస ఉత్పత్తులు” అని దాటవేసిన సంచి కంటే నమ్మదగినది.

ఇక మాంసకృత్తుల శాతం. తడి ఆహారంలో 8 శాతం, పొడి గుళికలలో 24 శాతం అని ఉంటే రెండవదే మేలని తోస్తుంది. తడి ఆహారంలో 80 శాతం నీరైతే, మిగిలిన 20 పాళ్ళలో 8 పాళ్ళు మాంసకృత్తులు, అంటే 40 శాతం. గుళికలలో 10 శాతం తేమ తీసివేస్తే వచ్చేది సుమారు 27 శాతమే.

పైగా ఆ అంకె నాణ్యతను చెప్పదు. 1883లో కెల్డాల్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు రూపొందించిన పద్ధతిలో నత్రజనిని కొలిచి, దానిని 6.25తో గుణించి మాంసకృత్తులను లెక్కిస్తారు. నత్రజని ఎక్కడిదో ఆ పరీక్షకు తెలియదు. నత్రజని అధికంగా గల మెలమిన్ అనే రసాయనాన్ని చైనా నుండి వచ్చిన గోధుమ గ్లూటెన్‌లో కలిపినట్లు 2007లో అమెరికాలో బయటపడింది. ఆ ఆహారం తిన్న ఎన్నో కుక్కలు, పిల్లులు మూత్రపిండాలు చెడి మరణించాయి. సంచి మీది అంకెకు మాత్రం లోటు రాలేదు!

కుక్కల ఆహారం నేడు ఏదో కొద్ది ఇళ్ళ విలాసం కాదు. మన సిద్దిపేట జిల్లాలోనే మార్స్ సంస్థ దీనిని తయారుచేస్తున్నది. అయినా 2006 నాటి ఆహార భద్రతా చట్టం తన నిర్వచనంలోనే పశువుల దాణాను మినహాయించింది. భారతీయ ప్రమాణాల సంస్థ కుక్కల, పిల్లుల ఆహారానికి ఐ.ఎస్. 11968 అనే ప్రమాణాన్ని నిర్దేశించింది. సరుకు దానికి అనుగుణమైనదేనా అని దుకాణంలో అడగండి. ముఖ్య పదార్థం ఒక్కొక్కటీ ఎంత శాతమో ముద్రించాలని తయారీదారులను కోరండి. అడిగేవారు లేనిదే చెప్పేవారు ఉండరు.

“ఈ తంటా అంతా ఎందుకు, ఇంటి తిండే పెడదాం” అనేవారికి ఒక హెచ్చరిక. పెరుగన్నం ఒక్కటే కుక్కకు సంపూర్ణాహారం కాదు. మనకు మేలుచేసే ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు ముప్పు తెస్తాయి. ఒక దేహానికి ఔషధమైనది మరొక దేహానికి విషం కావచ్చు. కనుక మన చిట్కాలను దానిపై ప్రయోగించరాదు. ఇంట్లో వండిపెట్టదలచినవారు పశువైద్యుని సలహాతోనే వండాలి.

నేనిప్పుడు మూసిన చిన్న సంచినే కొంటున్నాను. తేదీ చూస్తాను, జాబితా చదువుతాను, విప్పగానే పాత నూనె వాసన వస్తే తిరిగి ఇచ్చివేస్తాను. మనం పెట్టినది తినడమే గాని, ఇందులో ఏముందని అడగలేని ప్రాణి అది. దాని తరఫున అడగవలసిన బాధ్యత మనది.