ఆఫర్ లెటర్ సరే... మొదటి జీతం దాకా ఎలా?

పోయిన వారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. బెంగళూరులో ఉద్యోగం, ఏడాదికి 3.6 లక్షల ప్యాకేజీ, వచ్చే నెల 16న జాయినింగ్. కంగ్రాట్స్ చెప్పేలోపే అసలు విషయానికి వచ్చేశాడు. "అన్నయ్యా, నలుగురం కలిసి బెల్లందూరులో ఫ్లాట్ చూశాం. అడ్వాన్స్ లక్షా అరవై వేలు. నా వాటా 40 వేలు. సర్దుతావా? నాన్నని అడగాలంటే ఎలాగో ఉంది."

ఆ మాట వినగానే 2019 జులై గుర్తొచ్చింది. నాకూ అప్పుడు అదే ఊరు, అంతే ప్యాకేజీ. నేను మాత్రం నాన్ననే అడిగాను. ఆయన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 75 వేలు తెచ్చి చేతిలో పెట్టారు. నెలకు 1,500 వడ్డీ. అప్పటికి నేను ఇంకా ఆఫీసు గేటు కూడా చూడలేదు.

ఆ 75 వేలు ఎలా పోయాయో చెబుతాను. ముగ్గురం కలిసి 18 వేల అద్దెకు ఫ్లాట్ తీసుకున్నాం. అడ్వాన్స్ లక్షన్నర, నా వంతు 50 వేలు. బ్రోకర్‌కు ఒక నెల అద్దె, నా వాటా 6 వేలు. మొదటి నెల అద్దె మరో 6 వేలు. పరుపు, బకెట్లు, గ్యాస్ స్టవ్, గిన్నెలకు ఏడున్నర వేలు. నాకు, తోడుగా వచ్చి తిరిగి వెళ్లిన నాన్నకు టికెట్లు, దారి ఖర్చులు రెండున్నర వేలు. మొత్తం 72 వేలు. మిగిలింది మూడు వేలు.

నేను జాయినైంది 22న. ఆ కంపెనీ జీతాల లెక్క 20నే మూసేస్తుంది. అంటే జులైలో పనిచేసిన పది రోజుల డబ్బు కూడా ఆగస్టు 31నే వస్తుంది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అడగాలని నాకూ తట్టలేదు. 40 రోజులు మూడు వేలతో ఎలా బతుకుతాం? రెండో వారంలోనే ఇంటికి ఫోన్ చేశాను. అమ్మ చివరి దాకా ఉంచుకుందామనుకున్న చిట్టీని ముందే పాడేసింది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఐదో నెలలో ట్రైనింగ్ అయిపోయింది, ప్రాజెక్టు హైదరాబాద్‌లో ఇచ్చారు. వారంలో రిపోర్ట్ చేయమన్నారు. ఫ్లాట్ ఓనర్‌ని అడ్వాన్స్ అడిగితే "ఇల్లు మొత్తం ఖాళీ చేసినప్పుడే" అన్నాడు. ఆయనా అగ్రిమెంట్‌లో ఉన్నదే చెప్పాడు, తప్పు పట్టలేను. నా స్థానంలో ఇంకొకడు దొరికే దాకా రెండు నెలలు హైదరాబాద్‌లో ఉంటూ బెంగళూరు అద్దె కట్టాను, 12 వేలు. కొత్తవాడు వచ్చి నా వాటా ఇచ్చినప్పుడు పెయింటింగ్ ఖర్చు కింద 6 వేలు కోసుకుని ఇచ్చాడు (బెంగళూరులో ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు పట్టుకోవడం మామూలే). ఆ వచ్చిన 44 వేలూ హైదరాబాద్‌లో కొత్త గదికి, పాత బాకీలకు కరిగిపోయాయి. అప్పిచ్చినాయన అసలు ఒకేసారి కట్టాలన్నాడు. 75 వేలు కూడబెట్టడానికి 14 నెలలు పట్టింది. వడ్డీయే 21 వేలు.

ఇదంతా జాలి కోసం చెప్పడం లేదు. నెల జీతంతో నెల ఖర్చు సరిపోతుందా లేదా అనే లెక్క మనలో చాలామంది వేస్తారు. అది కాగితం మీద సరిపోతుంది కూడా. మునిగేది వేరే చోట: డబ్బు పోయే తేదీకి, వచ్చే తేదీకి మధ్య ఉన్న దూరంలో. అందుకే నా అభిప్రాయం సూటిగా చెబుతున్నా. ఫ్రెషర్ ఎవరైనా సరే, మొదటి ఆరు నెలలు ఫ్లాట్ తీసుకోకూడదు. మీ పోస్టింగ్ ఎక్కడో కంపెనీకే ఖాయంగా తెలియని రోజుల్లో, ఓ ఊళ్లో మీ డబ్బును తాళం వేసి పెట్టడం దండగ. మైసూరు క్యాంపస్‌లో ట్రైనింగ్ అయిన వాళ్లను అడగండి, ఎవరు ఎక్కడికి వెళ్లారో చెబుతారు.

"పీజీ తిండి తినలేం అన్నయ్యా" అన్నాడు మావాడు. నిజమే, పీజీ పప్పులో పప్పు కోసం వెతుక్కోవాలి. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వైపు మనవాళ్లు నడిపే ఆంధ్రా పీజీలు బోలెడు, వాటిలో కూడా గోంగూర బోర్డు మీద కనిపించినంత తరచుగా కంచంలో కనిపించదు. కానీ పీజీలో అడ్వాన్స్ ఒక నెల అద్దె దాకా ఉంటుంది, నెల రోజుల ముందు చెబితే బయటపడొచ్చు. మొదటి ఆరు నెలలకు మీరు కొనుక్కునేది గది కాదు, వెళ్లిపోయే వీలు. పీజీలోనూ ఒక్క మాట ముందే అడగాలి: ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు? వాట్సాప్‌లో రాయించుకోండి. నోటి మాట నమ్మితే వెళ్లే రోజు ఆ అంకె మారుతుంది.

వాడితో కూర్చుని (ఫోన్లోనే లెండి) రెండు లెక్కలు వేశాం. 16న జాయినింగ్, వాడి కంపెనీ జీతాల లెక్క 15న మూస్తుంది. అంటే మొదటి జీతం పై నెలాఖరుకే, 45 రోజులు. ఫ్లాట్ అయితే అడ్వాన్స్ వాటా 40 వేలు, బ్రోకర్‌కు 8 వేలు, రెండు నెలల అద్దె 16 వేలు, సామాన్లకు 12 వేలు, తిండికి 9 వేలు, ప్రయాణాలకు ఐదున్నర వేలు. 90 వేలు దాటింది. పీజీ అయితే, ముగ్గురుండే గదికి భోజనంతో కలిపి 9 వేలు అన్నారు. రెండు నెలలకు 18 వేలు, అడ్వాన్స్ 9 వేలు, ఊరి నుంచి వెళ్లడానికి 1,500, ఆఫీసుకు తిరగడానికి 4 వేలు, మధ్యాహ్నం బయట తినడానికి 5 వేలు, బట్టలు, బూట్లు, దుప్పట్లకు నాలుగున్నర వేలు, జ్వరమో జలుబో వస్తే 5 వేలు. 47 వేలు. సగానికి దగ్గరగా వచ్చింది. అమ్మాయిలైతే తోడుగా వచ్చే వాళ్ల రానుపోను ఛార్జీలు, రెండు రోజుల లాడ్జి కూడా రాసుకోవాలి. మా క్లాస్‌మేట్ ఆ లెక్క మర్చిపోయి వాళ్ల నాన్నను మొదటి రాత్రే బస్సెక్కించాల్సి వచ్చింది.

అద్దె అడ్వాన్స్ రెండు నెలలకు మించకూడదని చట్టం ఉంది కదా అని కొందరు అంటారు. 2021లో కేంద్రం తెచ్చింది నమూనా అద్దె చట్టం. దాన్ని అమల్లోకి తేవాల్సింది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం. ఆ కాగితం పట్టుకుని బెంగళూరు ఓనర్ దగ్గరికి వెళితే కాఫీ ఇచ్చి పంపిస్తాడు.

ఇక జీతం. 3.6 లక్షలను పన్నెండుతో భాగిస్తే 30 వేలు. చాలామంది ఇంట్లో చెప్పే అంకె ఇదే, నేనూ చెప్పాను. కానీ ఆ ప్యాకేజీలో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, కొన్నిచోట్ల ఇన్సూరెన్స్, వేరియబుల్ పే కలిసే ఉంటాయి. మీ వైపు నుంచి కూడా పీఎఫ్ పోతుంది. 15 వేల మీద లెక్కగట్టినా నెలకు 1,800. ప్రొఫెషనల్ ట్యాక్స్ వేరే. చేతికొచ్చేది 23 నుంచి 25 వేల మధ్య అనుకుని మొదలుపెట్టండి. ఆఫర్ లెటర్ చివర్లో ఉండే టేబుల్‌ను నాన్నకు చదివి వినిపించండి. ఆయన అప్పు చేసేది మీరు చెప్పిన అంకెను నమ్ముకునే.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను, తక్కువ తీసుకెళ్లండి. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో ఒక్కొక్కరికి 40 కిలోలు ఉచితం, ఒక ఫ్రెషర్ జీవితానికి అది చాలు. రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. జాయినింగ్ డేట్ చాలాసార్లు రెండు మూడు వారాల ముందు గానీ తేలదు కాబట్టి తత్కాలే గతి అవుతుంది. ఆన్‌లైన్ తత్కాల్‌కు ఇప్పుడు ఐఆర్‌సీటీసీ అకౌంట్‌కు ఆధార్ ధ్రువీకరణ ఉండాలి, ఆ పని ఈరోజే చేసి పెట్టుకోండి. బైక్ విషయంలో మాత్రం మన అబ్బాయిలు వినరు. రైల్వే పార్శిల్‌లో పంపొచ్చు. ట్యాంకులో పెట్రోల్ పూర్తిగా తీసేయాలి, ఆర్సీ చూపించాలి, ప్యాకింగ్ చేయించాలి. కానీ వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంచితే అక్కడి రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, మన ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ, అక్కడి ట్యాక్స్, అదో ప్రహసనం. బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్ 2023లోనే వైట్‌ఫీల్డ్ దాకా పూర్తయింది, 2025 ఆగస్టు నుంచి యెల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా వెళుతోంది. ఆఫీసు ఆ దారిలో ఉంటే స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో పీజీ చూసుకోండి. బండి ఇంట్లోనే ఉండనివ్వండి, తమ్ముడు సంతోషిస్తాడు.

ఇంతవరకు మనం చేయాల్సింది. కానీ మొత్తం భారం ఇరవై రెండేళ్ల పిల్లల మీదే వేయడం నాకు న్యాయంగా అనిపించదు. కొన్ని కంపెనీలు రీలొకేషన్ డబ్బు ఇస్తాయి, కానీ రీయింబర్స్‌మెంట్‌గా. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు పెట్టండి, జీతంతో పాటు ఇస్తాం, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి తీసుకుంటాం అని. అది చేతిలో డబ్బున్న వాళ్ల కోసం రాసిన పాలసీ. 15 ఏళ్ల అనుభవం ఉన్న మేనేజర్‌కు అది సరిపోతుంది. వడ్డీకి తెచ్చుకునే వాళ్లకు అదే డబ్బు జాయినైన మొదటి రోజు ఇస్తే కంపెనీకి పైసా ఎక్కువ ఖర్చు కాదు, తేదీ మారుతుందంతే. కాలేజీల సంగతి ఇంకోటి. గేటు ముందు ఫ్లెక్సీలో మన ఫొటో, ప్యాకేజీ అంకె వేస్తారు. జాయినింగ్‌కు ముందు చేతిలో ఎంత ఉండాలో ప్లేస్‌మెంట్ సెల్ ఒక్క గంట చెప్పినా ఎన్నో అప్పులు తగ్గేవి. సీనియర్లు బోలెడుమంది ఉన్నారు, పిలిస్తే వస్తారు. నేను వస్తాను.

హెచ్‌ఆర్‌ను అడగడానికి మొహమాటపడకండి. డబ్బు గురించి అడిగితే ఆఫర్ పోతుందేమోనని నేను భయపడ్డాను. నెలలో ఏ తేదీ దాటితే జీతం పై నెలకు వెళుతుంది, మొదటి కొన్ని రోజులు వసతి ఇస్తారా, ట్రైనింగ్ తర్వాత పోస్టింగ్ ఎక్కడ ఉండొచ్చు, రీలొకేషన్ డబ్బు ముందే ఇస్తారా. ఒక మెయిల్, నాలుగు ప్రశ్నలు. పోస్టింగ్ గురించి "బిజినెస్ అవసరాన్ని బట్టి" అని జవాబొస్తే, అదే మీ జవాబు: పీజీకి వెళ్లండి.

ఏదీ కుదరనప్పుడు ఫోన్లో లోన్ యాప్ కనిపిస్తుంది. మా రూమ్మేట్ ఒకడు 8 వేలు తీసుకుని వాళ్ల మేనమామకు కూడా ఫోన్లు వెళ్లే దాకా తెచ్చుకున్నాడు. రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అప్పిచ్చే యాప్ మన కాంటాక్ట్స్ జోలికి రాకూడదు. ఇన్‌స్టాల్ చేయగానే ఆ పర్మిషన్ అడిగిందంటే అక్కడే తీసేయండి. దానికంటే ఇంట్లో అడగడానికి పడే సిగ్గు చవక.

మావాడు ఆ రాత్రే ఫ్లాట్ వద్దని మిగతా ముగ్గురికీ చెప్పాడు. ఇద్దరు అలిగారు, ఒకడు వీడితో పాటే పీజీకి వస్తున్నాడు. 47 వేలలో వాడి దగ్గర ఇంటర్న్‌షిప్ డబ్బులు 11 వేలున్నాయి, 20 వేలు నేనిస్తున్నాను. మిగతా 16 వేలు వాళ్ల నాన్నను అడిగాడు. బాబాయ్ వెంటనే నాకు ఫోన్ చేసి, "ఇంతేనా? నేను లక్ష దాకా చూసి పెట్టానురా" అన్నారు. ఎక్కడ చూశారో అడగలేదు. హెచ్‌ఆర్‌కు మెయిల్ సోమవారం వెళ్లింది, జవాబు ఇంకా రాలేదు.