మూడు దేశాలకు కాపలా కాసిన ఓడ

ఏర్పేడు నుంచి సముద్రం కనబడదు. కూడలిలో నిలబడితే కాళహస్తి వైపు కొన్ని బస్సులు, తిరుపతి వైపు కొన్ని బస్సులు, వెంకటగిరి దారిలో ఇంకొన్ని. ఈ ప్రాంతం నుంచి సముద్రం దాకా నడిచి వెళ్లేది ఒక్క స్వర్ణముఖే. అదీ వానలు బాగా కురిసిన ఏడు! అలాంటి చోటుకు యుద్ధనౌక కబుర్లేమిటి అనుకుంటున్నారా?

సంబంధం ఉంది. 1939లో దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో జర్మన్లతో పోరాడిన ఒక బ్రిటిష్ ఓడకూ, మన ఊళ్ల మధ్య తిరిగే ఆర్టీసీ బస్సుకూ నడుమ ఒక తెలుగాయన ఉన్నారు. ఆ ఓడలో పెద్ద అధికారిగా పనిచేశారు. తరవాతి కాలంలో మన ఆర్టీసీకి ఛైర్మన్‌గానూ ఉన్నారు. ఆయన సంగతి చెప్పాలంటే ముందు ఓడ కథ తెలియాలి.

'లైట్' అంటే తేలికని కాదు

దాని పేరు అకిలీస్. గ్రీకు పురాణ వీరుడి పేరది. మన దుర్యోధనుడికి తొడ ఎలాగో ఆయనకు మడమ అలాగ. అక్కడ దెబ్బ తగిలితే తప్ప చావు లేదు. ఇంగ్లండ్‌లోని బర్కెన్‌హెడ్‌లో కామెల్ లెయిర్డ్ కంపెనీ ఈ ఓడను కట్టింది. 1932లో నీళ్లలోకి దించారు, 1933లో నౌకాదళంలోకి తీసుకున్నారు. ఓడల లెక్కలో ఇది 'లైట్ క్రూయిజర్'.

లైట్ అన్నారు కదా అని పడవలాంటిదేదో ఊహించుకోకండి. దాని బరువు ఏడు వేల టన్నుల పైమాటే. పొడవు 554 అడుగులు. అంతటి ఓడ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తేది. మరి లైట్ ఎందుకైంది? 1930లో పెద్ద దేశాలు లండన్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. ఫిరంగి గొట్టం వెడల్పు 6.1 అంగుళాలు దాటకపోతే లైట్ క్రూయిజర్, ఎనిమిది అంగుళాల దాకా ఉంటే హెవీ క్రూయిజర్ అని నిర్ణయించాయి. ఈ తేడా ఓడ బరువును బట్టి కాదు, ఫిరంగిని బట్టి వచ్చింది.

లైట్ క్రూయిజర్ ఏం చేయగలదో మన పెద్దవాళ్లకు ఒకప్పుడు బాగానే తెలుసు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించి, రేవులో చమురు ట్యాంకులు తగలబెట్టిన జర్మన్ 'ఎమ్డెన్' ఆ జాతిదే. ఆ ఒక్క ఓడకు భయపడి ఎంతోమంది మూటాముల్లే సర్దుకుని పట్నం వదిలి వెళ్లిపోయారు.

చిన్న గుండు, పెద్ద గుండు

1936లో బ్రిటన్ అకిలీస్‌ను న్యూజిలాండ్‌కు అప్పగించింది. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి అందులోని సిబ్బందిలో సగానికి పైగా న్యూజిలాండ్ కుర్రాళ్లే. కెప్టెన్ పేరు ఎడ్వర్డ్ ప్యారీ. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

ఆ రోజుల్లో అట్లాంటిక్‌లో 'గ్రాఫ్ స్పీ' అనే జర్మన్ యుద్ధనౌక తిరుగుతుండేది. సరుకు ఓడలను పట్టుకుని ముంచడమే దాని పని. అలా తొమ్మిది ఓడలను ముంచింది. అయితే దాని కెప్టెన్ లాంగ్స్‌డార్ఫ్ ముందు మనుషుల్ని దింపి, ఆ తరవాతే ఓడను ముంచేవాడు. ఆ తొమ్మిది ఓడల సిబ్బందిలో ఒక్కరి ప్రాణం కూడా పోలేదు.

1939 డిసెంబరు 13 తెల్లవారుజామున, దక్షిణ అమెరికాలో ప్లేట్ నది సముద్రంలో కలిసేచోటికి దగ్గర్లో, గ్రాఫ్ స్పీకి మూడు బ్రిటిష్ క్రూయిజర్లు ఎదురుపడ్డాయి. ఎక్సెటర్, అజాక్స్, అకిలీస్. సంఖ్య చూస్తే మూడు, బలం చూస్తే తక్కువే. గ్రాఫ్ స్పీ ఫిరంగి 11 అంగుళాలది. దాని గుండు ఒక్కోటి 300 కిలోలు. అంటే పాతిక కిలోల బియ్యం సంచులు పన్నెండు ఒక్కసారిగా మీద పడ్డట్టు! అకిలీస్ గుండు సుమారు 50 కిలోలు. అంటే రెండు సంచులు.

బ్రిటిష్ దళాధిపతి హార్‌వుడ్ చేసిన పనల్లా ఓడల్ని విడదీయడం. ఎక్సెటర్ ఒకవైపు, మిగతా రెండూ ఇంకోవైపు వెళ్లాయి. ఎవరిమీద గురిపెట్టాలో శత్రువుకు తేలకుండా చేయాలన్నది ఎత్తు. పోరు గంటన్నరలోపే ముగిసింది. ఎక్సెటర్ దాదాపు ధ్వంసమైంది, అందులో 61 మంది చనిపోయారు. అజాక్స్‌లో ఏడుగురు, అకిలీస్‌లో నలుగురు పోయారు. కెప్టెన్ ప్యారీ కాళ్లకు గాయాలయ్యాయి. అటు గ్రాఫ్ స్పీలో 36 మంది మరణించారు.

దెబ్బతిన్న జర్మన్ ఓడ ఉరుగ్వే రాజధాని మాంటెవీడియో రేవులో తలదాచుకుంది. బయట పెద్ద బ్రిటిష్ దళం కాచుకుని ఉందన్న వదంతి పుట్టించారు. నిజానికి అక్కడ అంత బలగం లేదు. డిసెంబరు 17న లాంగ్స్‌డార్ఫ్ తన ఓడను తానే పేల్చేసుకున్నాడు. మూడు రోజులకు తుపాకితో కాల్చుకుని చనిపోయాడు. తన మనుషుల్ని మాత్రం చావుకు పంపలేదు.

అకిలీస్ తిరిగొచ్చాక 1940 ఫిబ్రవరిలో ఆక్లండ్ జనం వీధుల్లోకి వచ్చి నావికులకు నీరాజనం పట్టారు. ఆ తరవాత ఓడ పసిఫిక్‌లో జపాన్ మీద పోరుకు వెళ్లింది. 1943 జనవరిలో విమానం వేసిన బాంబు ఓడ వెనకభాగంలోని ఒక టరెట్‌ను ధ్వంసం చేసింది. టరెట్ అంటే రెండేసి ఫిరంగులు బిగించి అటూ ఇటూ తిప్పే ఇనుప గది. మరమ్మతు చేశారుగానీ ఆ టరెట్ మళ్లీ పెట్టలేదు. ఎనిమిది పెద్ద ఫిరంగులు ఆరయ్యాయి. ఆ ఆరింటితోనే మన దగ్గరికొచ్చింది.

ముంబయి రేవుకు కొత్త కోడలు

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన నౌకాదళం పరిస్థితి ఏమిటి? ఉన్న ఓడల్ని పాకిస్థాన్‌తో పంచుకున్నాం. మిగిలినవాటిలో క్రూయిజర్ ఒక్కటీ లేదు. ఏడాదిన్నర ముందే, 1946 ఫిబ్రవరిలో, మన నావికులు బ్రిటిష్ అధికారుల మీద తిరగబడ్డారు. ధైర్యానికి కొదవలేదు. ఏడు వేల టన్నుల ఓడను నడిపిన అనుభవమే లేదు.

ఆ కొరత తీర్చడానికి ప్రభుత్వం అకిలీస్‌ను కొన్నది. 1948 జులై 5న దానికి 'ఢిల్లీ' అని కొత్త పేరు పెట్టారు. సెప్టెంబరులో బొంబాయి చేరింది. హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలిసిన నెలే అది. ఓడ కెప్టెన్ ఇంకా బ్రిటిషరే. ఆయన తరవాతి స్థానం, అంటే ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ బాధ్యత, కమాండర్ రామ్‌దాస్ కటారిది.

ముందు చెప్పిన తెలుగాయన ఈయనే. 1911లో చెంగల్పట్టులో పుట్టారు. మన చిత్తూరు జిల్లా పుట్టిన ఏడాదే. భారతీయ కుర్రాళ్లను ఓడ అధికారులుగా తయారుచేయడానికి 1927లో బొంబాయిలో 'డఫరిన్' అనే శిక్షణ నౌకను ప్రారంభిస్తే, అందులో చేరిన తొలి జట్టులో ఆయన ఒకరు.

ఓడలో ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ అంటే పెళ్లింట్లో పెద్దకొడుకులాంటివాడు. ఎవరు ఎప్పుడు కాపలా కాయాలి, ఎవరికెక్కడ పడక, ఏ మూల తుప్పు పట్టింది, ఎవరు తప్పు చేశారు... అన్నీ ఆయన దగ్గరికే. కెప్టెన్ ఓడను యుద్ధానికి నడిపిస్తాడు. ఆ యుద్ధానికి ఓడనూ మనుషుల్నీ సిద్ధంగా ఉంచేది ఈయన.

ఇంకో విచిత్రం చూడండి. అదే 1948లో మన నౌకాదళానికి అధిపతిగా వచ్చిన బ్రిటిష్ అధికారి ఎవరనుకున్నారు? అకిలీస్‌లో కాళ్లకు గాయాలతో పోరాడిన కెప్టెన్ ప్యారీయే! తొమ్మిదేళ్ల కిందట తాను నడిపిన ఓడ, ఇప్పుడు వేరే పేరుతో, వేరే దేశపు కుర్రాళ్లతో ఆయన అధీనంలోకే వచ్చింది.

నెహ్రూ ప్రయాణం, సినిమా వేషం

ఆ తరవాత మూడు దశాబ్దాలు 'ఢిల్లీ' తీరికగా లేదు. 1950 జూన్‌లో ప్రధాని నెహ్రూ ఇండోనేషియాకు ఈ ఓడలోనే వెళ్లారు. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం సందర్భంగా ఇంగ్లండ్‌లో జరిగిన నౌకల కవాతులో మన దేశం తరఫున నిలిచింది. 1956లో వచ్చిన 'ది బ్యాటిల్ ఆఫ్ ది రివర్ ప్లేట్' ఇంగ్లిష్ సినిమాలో అకిలీస్ వేషం కట్టింది. అంటే తన వేషం తానే వేసుకుంది! అదే సినిమాలో గ్రాఫ్ స్పీ వేషం వేసింది మాత్రం ఒక అమెరికా ఓడ.

1957లో 'ఢిల్లీ'కి తోడుగా ఇంకో బ్రిటిష్ లైట్ క్రూయిజర్ 'నైజీరియా' వచ్చింది. దానికి 'మైసూరు' అని పేరు పెట్టారు. 1958 ఏప్రిల్ 22న కటారి భారత నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన పదకొండో ఏట గానీ ఆ కుర్చీ మనవాళ్లకు దక్కలేదు. సైన్యంలో 1949లోనే, వైమానికదళంలో 1954లోనే అది జరిగిపోయింది. నౌకాదళం ఎందుకంత ఆలస్యం? పెద్ద ఓడను, ఓడల గుంపును నడిపిన అనుభవం ఒక్క రోజులో రాదు మరి. ఆ అనుభవం మనవాళ్లు సంపాదించుకున్న మొదటి పెద్ద ఓడ ఇదే.

1961 డిసెంబరులో గోవా విముక్తి పోరు జరిగింది. పోర్చుగీసు వాళ్ల చేతిలో ఉన్న డయ్యూ మీద 'ఢిల్లీ' ఫిరంగులు మోగాయి. అప్పుడు నౌకాదళాధిపతి కటారియే. ఒకప్పుడు తాను తుప్పు లెక్కలు చూసిన ఓడ, తన హయాంలోనే స్వతంత్ర భారతం కోసం గుండు పేల్చింది. 1962లో ఆయన పదవీ విరమణ చేశారు. బర్మాలో మన రాయబారిగా పనిచేశారు. ఆర్టీసీ ఛైర్మన్‌గా ఉన్నారు. 1983లో సికింద్రాబాద్‌లో కన్నుమూశారు.

ఎవరు దాచుకున్నారు?

1969లో 'ఢిల్లీ' న్యూజిలాండ్ వెళ్లి పాత ఊళ్లను ఒకసారి చూసొచ్చింది. 1978 జూన్ 30న బొంబాయిలో సేవ ముగించింది. తరవాత ఓడను విడగొట్టి పాత ఇనుము చేశారు.  ఒక టరెట్‌ను మన దేశం న్యూజిలాండ్‌కు కానుకగా పంపింది. ఆక్లండ్‌లో డెవన్‌పోర్ట్ నౌకాస్థావరం దగ్గర నిలబెట్టుకున్నారు. మనకు పేరు మిగిలింది. 1997లో మనమే కట్టుకున్న డిస్ట్రాయర్‌కు మళ్లీ 'ఢిల్లీ' అని పెట్టుకున్నాం.

ఓడల్ని దాచుకోవడం ఖర్చుతో కూడిన పనే. విశాఖ బీచ్‌లో 'కురుసుర' జలాంతర్గామిని 2002లో మ్యూజియం చేసి నిలుపుకోగలిగాం. విహారయాత్రకు వెళ్లిన పిల్లలు లోపలికి వెళ్లి నావికులు పడుకునే ఇరుకు పడకల్ని కళ్లారా చూస్తున్నారు. 'విక్రాంత్' విషయంలో అది చేతకాలేదు. కొన్నేళ్లు ముంబయిలో మ్యూజియంగా ఉంచి, చివరికి 2014లో విడగొట్టేశారు.

ఇనుమును దాచలేకపోయినా జ్ఞాపకాన్ని దాచడానికి పైసా ఖర్చు లేదు. ప్లేట్ నది దగ్గర పోరాడిన న్యూజిలాండ్ నావికుల పేర్లు, వాళ్లు చెప్పిన కబుర్లు ఆ దేశం జాగ్రత్తగా రాసిపెట్టుకుంది. 'ఢిల్లీ'లో ముప్ఫై ఏళ్లపాటు బాయిలర్ల వేడిలో చెమటోడ్చినవాళ్లు, ఫిరంగులకు గుండ్లు అందించినవాళ్లు, వందలమందికి వంట చేసినవాళ్లు మనవాళ్లే. వాళ్లలో ఆఖరి జట్లవాళ్లు ఇప్పుడు డెబ్బై ఏళ్ల దరిదాపుల్లో ఉంటారు.

ఏర్పేడులో ఇప్పుడు ఐఐటీ ఉంది. ఇంజినీరింగ్ చదివి నౌకాదళంలో అధికారి కావచ్చు. ఇంటర్ చదివిన కుర్రాళ్లు, అమ్మాయిలు అగ్నివీర్‌గా చేరి ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాలో శిక్షణ పొందవచ్చు. సముద్రం చూడకుండా పెరిగిన పిల్లలకు ఆ దారిలో ముందు నడిచినవాళ్ల మాట కంటే ధైర్యం ఏముంటుంది?

మీ ఇంట్లోనో మీ వీధిలోనో నేవీలో చేసి వచ్చిన పెద్దాయన ఉంటే, ఈ ఆదివారం ఆయన పక్కన కాసేపు కూర్చోండి. ఏ ఓడ, ఏ ఏడు, ఏం పని అని అడగండి. పిల్లల చేత ఒక నోటు పుస్తకంలో రాయించండి. పాత ఫొటో ఉంటే వెనక పేర్లు రాసిపెట్టండి. ఓడ మన దగ్గర లేకపోయినా, ఆ పుస్తకం మన ఇంట్లో ఉంటుంది.