గడువు జబ్బుకా, బడ్జెట్‌కా?

ఊబకాయానికి సూదిమందు వాడి మానేసినవారిని అలా వదిలేయరాదట. తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా వారి చేతికి ఒక ప్రణాళిక ఇవ్వాలట, కనీసం ఏడాదిపాటు కనిపెట్టి ఉండాలట. బ్రిటన్‌లో ఏ మందుకు ప్రభుత్వం డబ్బు పెట్టాలో తేల్చే ‘నైస్’ సంస్థ 2025 ఆగస్టులో ప్రకటించిన ప్రమాణాల సారమిది. మంచి మాటే. కానీ ఆ మానేసినవారిలో కొందరిచేత మాన్పించినది ఎవరు? సెమాగ్లుటైడ్‌ను, అంటే వెగోవీని, బరువు తగ్గడం కోసం రెండేళ్లకు మించి ఇవ్వొద్దని 2023 మార్చిలో గీత గీసింది ఈ సంస్థే. ఆ గీతను చెరపకుండా, దాని దగ్గర ఆగిపోయినవారికి ఇప్పుడు ఓదార్పు ఏర్పాట్లు చేస్తోంది.

గడువును వెనకేసుకొచ్చేవారి వాదన తెలిసిందే. రెండేళ్లలో రోగికి మితంగా తినడం, రోజూ నడవడం అలవాటవుతాయి, ఆపైన మందుతో పనిలేదు, బరువును ఆ అలవాట్లే నిలబెడతాయి అంటారు. తక్కిన వాదనల్లో తప్పొప్పులున్నాయి. ఇది మాత్రం అబద్ధం. తెలియక చెప్పే అబద్ధం కూడా కాదు. సరిగ్గా ఈ ప్రశ్నకు జవాబు కోసమే పెద్ద ప్రయోగాలు జరిగాయి, వాటి ఫలితాలు ఏళ్ల కిందటే అచ్చయ్యాయి.

2021లో వెలువడిన ‘స్టెప్-4’ ప్రయోగాన్నే చూడండి. అందరికీ 20 వారాలు సెమాగ్లుటైడ్ ఇచ్చారు. సగటున 10.6 శాతం బరువు తగ్గారు. తర్వాత కొందరికి మందు కొనసాగించి, మిగిలినవారికి తెలియకుండా మందు లేని ఉత్త సూది పొడిచారు. 48 వారాలు గడిచేసరికి మందు అందినవారు మరో 7.9 శాతం తగ్గారు, ఉత్త సూదివారు 6.9 శాతం పెరిగారు. అసలు సంగతి ఇక్కడుంది. ఆ ఉత్త సూదివారికి మందు ఆపారే గాని సలహాలు ఆపలేదు. రోజుకు 500 కేలరీలు తగ్గించి తినమన్నారు, వారానికి 150 నిమిషాలు వ్యాయామం చేయమన్నారు, నెలనెలా కూర్చోబెట్టి మాట్లాడారు. మందు లాగేసుకుని నైస్ ఇవ్వజూపుతున్నది కూడా ఇంచుమించు ఇదే. అది అందుతూ ఉండగానే బరువు తిరిగొచ్చింది.

ఒక్క ప్రయోగంతో తేల్చేస్తారా అనేవారికి ‘సర్మౌంట్-4’ ఉంది. మౌంజారోగా అమ్ముడవుతున్న టిర్జెపటైడ్‌తో 36 వారాల్లో 20.9 శాతం తగ్గినవారు, మందు ఆపిన ఏడాదిలో 14 శాతం పెరిగారు. వారికీ తిండి, వ్యాయామాల సలహాలు నడుస్తూనే ఉన్నాయి. తగ్గిన దానిలో కనీసం 80 శాతాన్ని నిలుపుకున్నవారు మందు సాగించినవారిలో నూటికి 89 మందికి పైమాటే. ఆపినవారిలో దాదాపు 17 మంది. ఆ 17 మందిని వేదికెక్కించి, మిగతా 83 మందిని సోమరులని పరోక్షంగా తిట్టడమే ‘అలవాట్ల’ వాదన చేస్తున్న పని. లావుగా ఉన్న మనిషికి జీవితమంతా వినబడే తిట్టే ఇది. ఈసారి ప్రభుత్వ సంస్థ ముద్రతో వస్తోంది.

మందు తప్పేమీ కాదిది, శరీరం తీరే అంత. ఆస్ట్రేలియా పరిశోధకులు 50 మందిచేత 10 వారాలు కఠినమైన పథ్యం చేయించి, ఏడాది తర్వాత వారి రక్తాన్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఏ మందూ వాడని ఆ మనుషుల్లో ఆకలి పుట్టించే గ్రెలిన్ ఏడాది దాటినా మునుపటికంటే ఎక్కువగానే ఉంది, కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ తక్కువగానే ఉంది. పోయిన బరువును శరీరం అప్పులా గుర్తుపెట్టుకుని వసూలు చేస్తుంది. సూదిమందు ఆ వసూలుదారుణ్ని గుమ్మం బయట నిలబెడుతుంది, అంతే. రెండేళ్లు మాత్రలు మింగావు గదా, ఇక ఉప్పు తగ్గించుకుని బీపీని నువ్వే చూసుకో అని ఏ వైద్యుడూ అనడు. ఊబకాయం దీర్ఘకాలిక వ్యాధి అని ఉపన్యసించే నోళ్లే దీనికి మాత్రం కోర్సు పూర్తయిందంటాయి.

జీవితాంతం వాడితే ఏమవుతుందో చెప్పే దశాబ్దాల అనుభవం లేదన్నదీ, దగ్గరుండి వ్యాయామం చేయించినప్పుడు మందు ఆపాక కూడా కొంత మేలు నిలిచిందని డెన్మార్క్ పరిశోధన తేల్చిందన్నదీ, ఏ ఖజానాకైనా అడుగు కనబడుతుందన్నదీ కాదనలేం.

కానీ రెండేళ్ల లెక్క వీటిలోంచి పుట్టింది కాదు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ప్రత్యేక ఊబకాయ విభాగాలు ఒక రోగిని మామూలుగా రెండేళ్ల వరకే చూస్తాయి. మందు ఆ విభాగంలోనే ఇవ్వాలన్నారు కనుక మందుకూ రెండేళ్లే. ఒక కార్యాలయ నిబంధన వైద్య సత్యమై కూర్చున్న తీరు ఇది. ఇదే నైస్ 2024 డిసెంబరులో టిర్జెపటైడ్‌కు పచ్చజెండా ఊపినప్పుడు రెండేళ్ల గడువు పెట్టలేదు. 21 నెలల్లో మనుషుల హార్మోన్లు మారిపోయాయా? అందులోనూ మొదటి మూడేళ్లలో ఇంగ్లండ్‌లో 2.2 లక్షల మందికే ఇస్తామన్నారు. అది డబ్బు లెక్క అని ఒప్పుకున్నారు, దాన్ని అర్థం చేసుకోగలం. పాత గడువుకు మాత్రం అలవాట్ల ముసుగు దేనికి?

మన దగ్గర గడువు పెట్టేందుకు నైస్ అక్కర్లేదు, జేబే పెడుతుంది. 2025 జూన్‌లో ఇక్కడ విడుదలైనప్పుడు వెగోవీ ధర నెలకు 17,345 రూపాయల నుంచి 26,015 రూపాయల దాకా ఉండేది. సెమాగ్లుటైడ్ పేటెంట్ 2026 మార్చిలో తీరిపోయింది. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ సహా పలు సంస్థలు చవక రకాలతో సిద్ధమయ్యాయి. ధర దిగితే మొదలుపెట్టేవారు పెరుగుతారు, మధ్యలో మానేసేవారూ పెరుగుతారు. పెళ్లికి ముందు నాలుగు నెలలు వాడి ఆపేద్దామనుకునే వారికి ఏడాది తర్వాత ఏం జరుగుతుందో చెప్పే బాధ్యత ఇప్పటిదాకా ఎవరూ నెత్తిన వేసుకోలేదు.

నైస్ ఆ రెండేళ్ల వాక్యాన్ని కొట్టేయాలి. డబ్బు చాలకే పెట్టామంటే ఆ మాటే రాయాలి. ఢిల్లీలోని ఔషధ నియంత్రణ సంస్థకూ ఒక పని ఉంది. మందు ఆపితే బరువులో అధిక భాగం తిరిగొస్తుందని తెలుగు సహా రోగి చదవగలిగే భాషలో రాసిన కాగితం మొదటి సూదికి ముందే చేతికివ్వడాన్ని తప్పనిసరి చేయాలి. ఆ ఉత్తర్వు ఆలస్యం లేకుండా వెలువడాలి.