ఊరికి కూతవేటు దూరంలో

రెండు రోజులు వరసగా సెలవు దొరికితే చాలు, విశాఖ జనం అరకు బాట పడతారు. కాస్త ప్రశాంతంగా ఉండొద్దామనే వెళతారు. వంద కిలోమీటర్లకు పైగా, ముందు కారు ఎర్రలైట్లు చూసుకుంటూ ఘాట్ రోడ్డు ఎక్కుతారు. వ్యూపాయింట్ దగ్గర సెల్ఫీకి వంతు కోసం నిలబడతారు. రాత్రి పక్కగది వాళ్ళ స్పీకరు పాటలు వింటూ నిద్రపోతారు. తిరిగొచ్చాక మళ్ళీ సెలవు కావాలనిపిస్తుంది. వీళ్ళలో చాలామంది, ఊరికి సుమారు 15 కిలోమీటర్లలో భీమిలి రోడ్డు పక్కనే ఉన్న తొట్లకొండను ఏళ్ళ తరబడి దాటుకుంటూ పోతుంటారు. దూరం పెరిగేకొద్దీ ప్రశాంతత పెరుగుతుందన్న లెక్క మనకెవరు నేర్పారో గానీ, అది తప్పు లెక్క. నిశ్శబ్దం ఊరి అంచునే దొరుకుతుంది. దాన్ని చెడగొట్టకుండా ఉంచడం మన చేతిలోనూ, ప్రభుత్వం చేతిలోనూ ఉన్న పని.

ఈ విషయంలో బౌద్ధ భిక్షువులను మించిన అనుభవజ్ఞులు లేరు. మగధ రాజు బింబిసారుడు బుద్ధుడికి వేణువనం ఇచ్చే ముందు ఎలాంటి చోటు వెతికాడో బౌద్ధ గ్రంథం వినయ పిటకం చెబుతుంది. ఊరికి మరీ దూరమూ మరీ దగ్గరా కాకుండా, వచ్చిపోవడానికి వీలుగా, జనసందడి లేకుండా ఉండాలనుకున్నాడట. ఇందులో వేదాంతం కంటే అవసరమే ఎక్కువ. భిక్షువు పొద్దున్నే భిక్షాపాత్ర పట్టుకుని ఊళ్ళోకి నడవాలి, తిరిగొచ్చి తనలో తాను ఉండాలి. తొట్లకొండ మీది బౌద్ధారామం కట్టడం ఈ అవసరానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తున్న ఈ కొండ మీద శిథిలాలు 1976లో నౌకాదళం విమాన సర్వేలో కంటబడ్డాయి. తర్వాత తవ్వితే స్తూపాలు, చైత్యాలు, వరసగా చిన్నచిన్న గదులున్న విహారాలు బయటపడ్డాయి. ఇప్పుడు మిగిలినవి మొండిగోడలే. అయినా ఆ గదుల కొలత చూస్తే సంగతి తెలిసిపోతుంది. ఒక మనిషి పడుకోవడానికి, కూర్చోవడానికి సరిపడా చోటు, అంతే. గది దాటితే పదిమంది తిరిగే వసారా. వాననీళ్ళు పట్టడానికి రాతిలో తొలిచిన తొట్లే కొండకు పేరయ్యాయి. పక్కనున్న బావికొండకు కూడా నీళ్ళ వల్లే ఆ పేరు. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుహలు తొలిచినవాళ్ళూ జనానికి అందనంత దూరం పోలేదు. అక్కడి గుండ్రటి చైత్యగుహ లోపల తలెత్తి చూస్తే, కర్ర దూలాలతో వేసిన గుడిసె కప్పును రాతిలో యథాతథంగా చెక్కి ఉంటుంది. ఏకాంతం కోరి కొండెక్కిన మనిషి ఊళ్ళోని ఇంటికప్పును వెంట తెచ్చుకున్నాడన్నమాట!

ఇక్కడ ఒక గట్టి ప్రశ్న వస్తుంది. మగవాడు ఒక్కడే వెళ్ళి కొండమీద కూర్చోగలడు, ఆడపిల్ల కూర్చోగలదా? ఒంటరిగా వచ్చిన స్త్రీని మన దగ్గర టిక్కెట్టు ఇచ్చే మనిషి కూడా "ఎవరితో వచ్చారమ్మా?" అని అడుగుతాడు. భయం నిజమైనదే, కొట్టిపారేయలేం. కానీ అడవి నడుమ రిసార్టు ఆ భయాన్ని తీర్చదు. ఊరికి దగ్గరగా ఉండి, కాపలా మనిషి కంటికి ఆనుతూ, కేకేస్తే పలికేవాళ్ళున్న చోటే తీరుస్తుంది. విహారంలో గది ఏకాంతానికి, వసారా భరోసాకి. దగ్గరి చోట్లు కావాలనడానికి నాకు కనిపించే అసలు కారణం ఇదే.

మరో వాదన పర్యాటకానిది. నలుగురూ వస్తేనే నలుగురికి బతుకుతెరువు కదా అంటారు. నిజమే, టీకొట్టు వద్దని ఎవరూ అనరు. కానీ మన దగ్గర అభివృద్ధి అనగానే లేజర్ షో, ఫుడ్ కోర్టు, రంగుల లైట్లతో 'ఐ లవ్' బోర్డు వచ్చేస్తాయి. ఇవి పెట్టడానికి నగరంలో చోటుకు కరువు లేదు. గుంటుపల్లి లాంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలను చట్టం నిషేధిస్తుంది. రాయికి ఉన్న ఆ రక్షణ అక్కడి నిశ్శబ్దానికి దానంతటదే రాదు. అలాగని చట్టంలో దారి లేకపోలేదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల కింద ప్రభుత్వం నిశ్శబ్ద ప్రాంతాలను ప్రకటించవచ్చు. అక్కడ పగటి పరిమితి 50 డెసిబెల్స్. ఆస్పత్రులకూ బడులకూ వాడే ఈ నియమాన్ని ఇలాంటి కొండలకూ వర్తింపజేస్తే పైసా ఖర్చుండదు, అమలు చేసే ఓపిక ఉండాలంతే.

ఇంట్లో ఒక మూల కూర్చుంటే చాలదా అని తీసిపారేసేవాళ్ళూ ఉన్నారు. రెండు గదుల్లో ఐదుగురు ఉండే ఇంట్లో ఆ మూల టీవీదో, పరీక్షలకు చదివే పిల్లాడిదో అయి ఉంటుంది. రిసార్టుకు డబ్బు, అరకుకు రెండు రోజుల సెలవు ఉన్నవాళ్ళ సంగతి వేరు. మిగతావాళ్ళకు కావలసింది పనిదినాన మధ్యాహ్నం పోయి చీకటిపడే లోపు ఇల్లు చేరగల చోటు. దానికి పెద్ద పథకమేమీ అక్కర్లేదు. చెట్టు నీడన నాలుగు రాతిబల్లలు, తాగునీటి కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, స్పీకర్లు మోగనివ్వని కాపలాదారు, గేటు దగ్గర ఆఖరి బస్సు వేళ రాసిన బోర్డు.